డబ్బా మీద రాత - బండి మీద మెరుపు

గార్లలో ఒక ఇల్లు. ఆ ఇంటికి ఒక ఆటో ఆధారం. ఆటో కోసం ఇల్లాలు మహిళా సంఘంలో అప్పు తీసుకుంది. మిగిలిన డబ్బు ఫైనాన్సులో తెచ్చారు. భర్త ఆటో నడుపుతాడు. రైలు దిగిన వాళ్లను ఊళ్లకు చేరుస్తాడు. నెల నెలా కిస్తీ కట్టాలి. ఆటో తిరిగితేనే కిస్తీ. కిస్తీ కడితేనే ఆటో వాళ్లది.

కొత్త ఆటో వచ్చిన రోజు ఇల్లాలు దానికి పసుపు, కుంకుమ పెట్టింది. ముందు నిమ్మకాయలు కట్టింది. ఆటో అద్దం లెక్క మెరిసింది. "ఈ మెరుపు పోనియ్యొద్దు" అనుకుంది. ఇంట్లో పెద్ద పని అదే అయింది. రోజూ పొద్దున బకెట్ నీళ్లలో పిడికెడు బట్టల పొడి వేసేది. కొబ్బరి పీచు తీసుకునేది. గిన్నెలు తోమినట్టు ఆటోను తోమేది. సీటు మీద గ్రీజు మరక పడితే భర్త డీజిల్ గుడ్డతో తుడిచేవాడు.

రెండేళ్లు గడిచాయి. ఆటో రంగు వెలిసింది. రేకు మీద సాలెగూడు లెక్క సన్నని గీతలు పడ్డాయి. సీటు రెక్సిన్ బిరుసెక్కి పగిలింది. అదే నెలలో కొన్న ఇంకో ఆటో మాత్రం కొత్తగానే ఉంది.

"ఏందయ్యా, రోజూ కడిగినా మన బండి ఇట్ల ముసలిదైంది?" అని ఇల్లాలు అడిగింది.

"రోజూ కడిగినందుకే అయిందేమో" అని భర్త నవ్వాడు.

అతను నవ్వులాటకే అన్నాడు. కానీ ఆ మాట నిజం. కడగడం తప్పు కాదు. కడిగే మందు తప్పు, కడిగే తీరు తప్పు. ఏ సబ్బు దేనికి పనికి వస్తుందో ఎట్ల తెలుస్తుంది? కొంత పరీక్ష చేస్తే తెలుస్తుంది. కొంత డబ్బా మీది రాత చదివితే తెలుస్తుంది.

మురికి ఒక్క రకం కాదు

బండికి పట్టే మురికి చాలా రకాలు.

ఒకటి దుమ్ము. గార్ల, బయ్యారం వైపు నేలలో ఇనుప రాయి ఉంది. ఎర్ర దుమ్ము లేస్తుంది. దుమ్ము చేతికి మెత్తగా తగులుతుంది. కానీ అందులో సన్నని ఇసుక ఉంటుంది. ఎండిన దుమ్మును గుడ్డతో రుద్దితే ఆ ఇసుక రంగును గీస్తుంది.

రెండోది బురద. వానాకాలంలో బండి కిందంతా పడుతుంది. తడిగా ఉన్నప్పుడు తొందరగా పోతుంది. ఎండితే గట్టిపడుతుంది.

మూడోది జిడ్డు. ఇంజన్ ఆయిల్, గ్రీజు, చేతుల చెమట, తలనూనె. ఇవి వట్టి నీళ్లకు పోవు.

నాలుగోది డాంబరు చుక్కలు. రోడ్డు వేసే చోట అంటుతాయి.

ఐదోది పిట్టల రెట్ట. ఇది చూడడానికి చిన్నది. కానీ ఎండలో నిలిస్తే రంగును తింటుంది.

ఆరోది నీళ్ల మరక. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు ఆరిపోతే తెల్లటి చుక్కలు మిగులుతాయి.

అన్ని రోగాలకు ఒకే గోలీ పనిచేయదు. అట్లనే అన్ని మురుకులకు ఒకే సబ్బు పనికిరాదు.

సబ్బు ఎట్ల పనిచేస్తుంది

నూనె, నీళ్లు కలవవు. ఈ సంగతి వంట చేసే ప్రతి ఆడమనిషికి తెలుసు. మరి నూనె గిన్నె సబ్బుతో ఎట్ల శుభ్రం అవుతుంది?

సబ్బులో కంటికి కనబడని రేణువులు ఉంటాయి. ఒక్కో రేణువుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస జిడ్డును పట్టుకుంటుంది. ఇంకో కొస నీళ్లను పట్టుకుంటుంది. నీళ్లు పోస్తే జిడ్డు కూడా నీళ్ల వెంట పోతుంది. సబ్బు చేసే పని ఇంతే. నూనెకూ నీళ్లకూ నడుమ పెళ్లిళ్ల పేరయ్య లాంటిది సబ్బు.

వెనుకటి రోజుల్లో సబ్బులు లేవు. చాకలివాళ్లు చౌడు మట్టితో బట్టలు ఉడికించేవాళ్లు. నగలు, పట్టు బట్టలు కుంకుడుకాయ రసంతో కడిగేవాళ్లు. గిన్నెలు బూడిదతో తోమేవాళ్లు. చూడండి, వాళ్లు కూడా అన్నిటికీ ఒకటే వాడలేదు. ముతక బట్టకు చౌడు. మెత్తటి పట్టుకు కుంకుడు. గిన్నెకు బూడిద. ఆ తెలివి మన పెద్దవాళ్లకు ముందే ఉంది.

బట్టల పొడి తర్వాత వచ్చింది. మన దేశంలో సర్ఫ్ 1959లో వచ్చింది. అది ఖరీదు. పేదలు కొనలేకపోయేవాళ్లు. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ అనే ఆయన నిర్మా పొడి మొదలుపెట్టాడు. సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి తక్కువ ధరకు అమ్మాడు. అట్ల బట్టల పొడి మెల్లగా అన్ని ఊళ్లకూ చేరింది. ఇప్పుడు పది రూపాయల ప్యాకెట్ లేని దుకాణం లేదు.

బట్టల పొడి బట్టలకు మంచిదే. ఉప్పు నీళ్లలో కూడా పనిచేస్తుంది. కానీ అందులో సోడా ఉంటుంది. సోడాకు కారం లాంటి గుణం ఉంది. దాన్ని క్షార గుణం అంటారు. గట్టి మురికిని అది లాగుతుంది. బండి రంగు మీద పూసిన మైనం పూతను కూడా అదే లాగుతుంది. ఆ పూత పోతే ఎండ, వాన నేరుగా రంగు మీద పడతాయి. రంగు వెలుస్తుంది. అల్యూమినియం భాగాలు కూడా మసకబారుతాయి. గార్ల ఆటోకు జరిగింది ఇదే.

పసుపు పరీక్ష

ఏ సబ్బులో ఈ గుణం ఎక్కువో తెలుసుకునే పరీక్ష ఇంట్లోనే ఉంది.

కూర మరక పడిన తెల్ల బట్టకు సబ్బు పెడితే ఏమవుతుంది? పసుపు మరక ఎర్రగా మారుతుంది. ఇది అందరూ చూసిందే. ఎందుకు మారుతుంది? సబ్బులో క్షార గుణం ఉంది కనుక. ఆ గుణం తగిలితే పసుపు ఎర్రబడుతుంది.

పరీక్ష ఇట్ల చేయాలి.

చెంచాడు పసుపును కొంచెం నీళ్లలో కలపాలి. తెల్ల కాగితం ముక్కలకు పూయాలి. నీడలో ఆరబెట్టాలి. ఒక గిన్నెలో బట్టల పొడి నీళ్లు పెట్టాలి. ఇంకో గిన్నెలో తల స్నానం షాంపూ నీళ్లు పెట్టాలి. మూడో గిన్నెలో బండి షాంపూ నీళ్లు పెట్టాలి. ఒక్కో దాని నుంచి ఒక్కో చుక్క కాగితం మీద వేయాలి.

బట్టల పొడి చుక్క పడిన చోట కాగితం ఎర్రబడుతుంది. షాంపూ చుక్క పడిన చోట పసుపు పచ్చగానే ఉంటుంది. ఎర్రబడిన చోట నిమ్మరసం చుక్క వేసి చూడండి. మళ్లీ పచ్చబడుతుంది. నిమ్మరసం పులుపు. పులుపు క్షారాన్ని చంపుతుంది.

రోజూ బండి రంగు మీద వాడే సబ్బుకు ఈ కాగితం ఎర్రబడకూడదు. కాగితం ఎర్రగా చేసే సబ్బును బట్టలకు, గచ్చుకు ఉంచుకోవాలి. బండి షాంపూ దొరకకపోతే రూపాయి తల షాంపూ ప్యాకెట్ ఒకటి బకెట్ నీళ్లలో కలిపి వాడవచ్చు. బట్టల పొడి కంటే అదే మేలు.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఈ పరీక్ష క్షారాన్ని మాత్రమే చూపిస్తుంది. యాసిడ్‌కు పసుపు మారదు. అందుకని "పసుపు మారలేదు, యాసిడ్ మంచిదే" అనుకోవద్దు. పెట్రోలు, డీజిల్, థిన్నర్‌లను కూడా ఈ పరీక్ష పట్టుకోలేదు.

నురగను నమ్మొద్దు

దుకాణంలో సబ్బు చూపించేవాళ్లు ముందు నురగ చూపిస్తారు. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువ అనుకుంటారు. అది నిజం కాదు. నురగ వేరు, శుభ్రం చేసే శక్తి వేరు. తక్కువ నురగతో బాగా కడిగే సబ్బులు ఉన్నాయి. నురగ ఎక్కువైతే కడగడానికి నీళ్లు ఎక్కువ కావాలి. అంతే.

వాసన కూడా అట్లాంటిదే. నిమ్మ వాసన వస్తే అందులో నిమ్మకాయ ఉందని కాదు. రంగు కూడా అంతే. నీలంగా ఉన్నా, గులాబీగా ఉన్నా పనిలో తేడా ఉండదు.

మరి దేన్ని చూడాలి? మురికి పోయిందా? రంగు మీద గీత పడిందా? చేతులు మండాయా? కడిగిన తర్వాత జిగట మిగిలిందా? ఈ నాలుగు చూడాలి. కొత్త సబ్బు తెస్తే ముందు కనబడని మూల మీద కొంచెం రాసి చూడాలి. ఆరిన తర్వాత మచ్చ పడకపోతేనే బండి అంతా వాడాలి.

మెరుపులో మూడు రకాలు

బండి సామాను దుకాణంలో మెరుపు డబ్బాలు చాలా ఉంటాయి. బొమ్మలు ఒకే తీరుగా ఉంటాయి. పని మాత్రం వేరు.

ఒకటి రుద్దే పాలిష్. దీన్ని కాంపౌండ్ అని కూడా అంటారు. ఇందులో చాలా సన్నని గరుకు పొడి ఉంటుంది. ఇది రంగు పై పొరను కొంచెం అరగదీస్తుంది. అందుకే గీతలు తగ్గి మెరుస్తుంది. కానీ ప్రతిసారీ కొంత రంగు పోతుంది. నెల నెలా వాడితే రేకు బయటపడుతుంది. అవసరం పడితేనే వాడాలి.

రెండోది మైనం. వ్యాక్స్ అంటారు. ఇది దేన్నీ అరగదీయదు. రంగు మీద పల్చటి పూత వేస్తుంది. నీళ్లు పోస్తే తామరాకు మీద చుక్కల్లా జారిపోతాయి. చుక్కలు జారడం మానితే పూత పోయిందని గుర్తు. అప్పుడు మళ్లీ పూయాలి.

మూడోది ప్లాస్టిక్, రెక్సిన్ మీద పూసే మెరుపు. ఇది జారుడుగా ఉంటుంది. దీన్ని హ్యాండిల్ మీద పూయొద్దు. బ్రేకు పెడల్ మీద పూయొద్దు. కాళ్లు పెట్టే చోట పూయొద్దు. టైరు రోడ్డుకు తగిలే భాగం మీద అసలే పూయొద్దు. ముందు అద్దానికి తగలనియ్యొద్దు. అద్దానికి జిగట అంటితే రాత్రి ఎదురు లైట్లకు కళ్లు చెదురుతాయి. బ్రేకు మీద కాలు జారితే బండిలో ఉన్న వాళ్లందరి ప్రాణం మీదికి వస్తుంది.

డబ్బా మీద "పాలిష్" అని ఉందా, "వ్యాక్స్" అని ఉందా, "కాంపౌండ్" అని ఉందా చదవాలి. కొన్ని డబ్బాలు రెండూ కలిపి ఉంటాయి. తెలియకపోతే దుకాణదారును అడగాలి. "ఇది అరగదీసేదా, పూత వేసేదా?" ఈ ఒక్క ప్రశ్న చాలు.

సీటుకు, ఇంజన్‌కు, తుప్పుకు

సీటు రెక్సిన్‌కు డీజిల్, కిరోసిన్, థిన్నర్ వాడొద్దు. తుడవగానే మెరుస్తుంది. కానీ రెక్సిన్‌ను మెత్తగా ఉంచే నూనెను అవి లాగేస్తాయి. రెక్సిన్ బిరుసెక్కుతుంది, పగులుతుంది. మెత్తటి సబ్బు నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, తుడిస్తే చాలు. ఆ తర్వాత పొడి గుడ్డతో తుడవాలి.

కొన్నిచోట్ల బండి కింద డీజిల్ కొట్టించుకుంటారు. కింది భాగం నల్లగా మెరుస్తుంది. ఆ మెరుపు రెండు రోజులే. డీజిల్‌కు దుమ్ము అంటుతుంది. రబ్బరు ముక్కలు ఉబ్బి పాడవుతాయి. నిప్పు అంటుకునే భయం కూడా ఉంది.

తుప్పు పోవాలని బాత్రూం యాసిడ్ పోసేవాళ్లు ఉన్నారు. యాసిడ్ తుప్పును తింటుంది. మంచి ఇనుమును కూడా తింటుంది. రంగును, చేతులను, ఊపిరితిత్తులను కూడా తింటుంది. బండికి యాసిడ్ వద్దు.

డాంబరు చుక్కలకు కొబ్బరినూనె చాలు. చుక్క మీద నూనె రాసి కొంతసేపు ఉంచాలి. మెత్తబడుతుంది. గుడ్డతో తుడిచి, సబ్బు నీళ్లతో జిడ్డు కడగాలి.

పిట్టల రెట్ట కనబడగానే తడి గుడ్డ వేసి నానబెట్టాలి. గోకొద్దు. నానిన తర్వాత తుడవాలి.

డబ్బా మీద ఏం చదవాలి

దుకాణంలో బొమ్మ చూసి కొనడం అందరికీ అలవాటు. చదువు వచ్చిన తర్వాత బొమ్మతో ఆగొద్దు. డబ్బా తిప్పి వెనుక వైపు చదవాలి. అక్షరాలు చిన్నగా ఉంటాయి. తెలుగు లేకపోవచ్చు. అయినా అంకెలు ఎవరైనా చదవవచ్చు. ఇంగ్లీషు రాకపోతే బడి పిల్లలతో చదివించుకోవాలి.

ఒకటి, తయారు చేసిన వాళ్ల పేరు, చిరునామా. చిరునామా లేని డబ్బా తల్లీతండ్రీ లేని మాట లాంటిది. రేపు చేతులు కాలితే అడగడానికి ఎవరూ ఉండరు.

రెండు, తూకం లేదా కొలత. గ్రాముల్లో గాని, మిల్లీలీటర్లలో గాని ఉంటుంది. డబ్బా పెద్దగా ఉన్నంత మాత్రాన సరుకు ఎక్కువ ఉండదు.

మూడు, ఎం.ఆర్.పి. అంటే గరిష్ఠ ధర. అన్ని పన్నులూ అందులోనే ఉంటాయి. దాని కంటే ఎక్కువ అడిగే హక్కు ఎవరికీ లేదు. తక్కువకు అడిగే హక్కు కొనేవాళ్లకు ఉంది.

నాలుగు, తయారైన నెల, సంవత్సరం. పాత సరుకు విరిగిపోతుంది, గడ్డకడుతుంది.

ఐదు, వాడే తీరు. ఎంత నీళ్లకు ఎంత కలపాలో రాసి ఉంటుంది.

ఆరు, హెచ్చరిక. ఎర్ర గీతల చతురస్రంలో బొమ్మలు ఉంటాయి. మంట బొమ్మ ఉంటే నిప్పు అంటుకుంటుంది. పుర్రె బొమ్మ ఉంటే విషం. చేతి మీద చుక్క పడి చేయి కాలుతున్న బొమ్మ ఉంటే చర్మం కాలుతుంది. ఈ బొమ్మలకు భాషతో పనిలేదు.

ఏడు, ఫిర్యాదు చేసే ఫోన్ నంబరు.

కొన్ని సరుకుల మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటుంది. అన్నిటి మీద ఉండదు. ఉంటే దాని కింద లైసెన్సు నంబరు కూడా ఉండాలి. నంబరు లేని గుర్తును అనుమానించాలి.

ఈ వివరాల్లో చాలావాటిని రాయాలని చట్టం ఉంది. తూనికలు, కొలతల చట్టం 2009లో వచ్చింది. ప్యాకెట్ల మీద ఏం రాయాలో చెప్పే నిబంధనలు 2011లో వచ్చాయి.

అక్షరం మోసం కూడా ఉంది. పేరున్న సరుకు రంగు, బొమ్మ అచ్చం అట్లనే వేస్తారు. పేరులో ఒక్క అక్షరం మారుస్తారు. బొమ్మ చూసి కొనేవాళ్లు మోసపోతారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివేవాళ్లు మోసపోరు. చదవడం రాని రోజుల్లో జరిగిన నష్టం చదివిన రోజున ఆగాలి.

ధర లెక్క

తక్కువ ధర ఉన్నది చవక కాదు. ఒక్కసారి కడగడానికి ఎంత అయిందో లెక్క కట్టాలి.

రెండు బండి షాంపూలు ఉన్నాయి అనుకుందాం. రెండూ అర లీటరు. అంటే 500 మిల్లీలీటర్లు.

మొదటి సీసా 60 రూపాయలు. ఒక బకెట్‌కు 50 మిల్లీలీటర్లు పోయాలని రాసి ఉంది. 500ను 50తో భాగిస్తే 10. సీసా పదిసార్లు వస్తుంది. 60 రూపాయలను 10తో భాగిస్తే 6. ఒక్కసారికి 6 రూపాయలు.

రెండో సీసా 100 రూపాయలు. ఒక బకెట్‌కు 25 మిల్లీలీటర్లు చాలని రాసి ఉంది. 500ను 25తో భాగిస్తే 20. సీసా ఇరవైసార్లు వస్తుంది. 100 రూపాయలను 20తో భాగిస్తే 5. ఒక్కసారికి 5 రూపాయలు.

ఏది చవక? 100 రూపాయల సీసా చవక. 60 రూపాయల సీసా ఖరీదు.

చిన్న ప్యాకెట్, పెద్ద ప్యాకెట్ లెక్క కూడా ఇట్లనే. 100 గ్రాముల ప్యాకెట్ 10 రూపాయలు అనుకుందాం. కిలో ప్యాకెట్ 80 రూపాయలు అనుకుందాం. చిన్నవి పది కొంటే కిలో అవుతుంది. 100 రూపాయలు పడుతుంది. కిలో ఒకేసారి కొంటే 20 రూపాయలు మిగులుతుంది. కానీ ప్రతిసారీ పెద్దదే చవక అనుకోవద్దు. లెక్క కట్టి చూడాలి. నిబంధనల ప్రకారం చాలా ప్యాకెట్ల మీద ఒక గ్రాముకు, ఒక మిల్లీలీటరుకు ధర ఎంతో కూడా రాస్తున్నారు. అది చూస్తే లెక్క సులువు.

చేతిలో 80 రూపాయలు ఒకేసారి లేకపోవచ్చు. అప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి పెద్ద ప్యాకెట్ కొని పంచుకోవచ్చు.

కూల్‌డ్రింక్ సీసాలో విషం

గార్ల ఆటో ఇంట్లో ఒక సంగతి జరిగింది. భర్త థిన్నర్ తెచ్చి కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టాడు. సీసా కిటికీలో ఉంది. ఎండాకాలం. మూడేళ్ల పిల్లవాడికి దాహం అయింది. సీసా తీసి మూత తిప్పుతున్నాడు. నాయనమ్మ చూసింది. ఒక్క ఉరుకున పోయి గుంజుకుంది.

ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

"నేను చూడకపోతే ఏమయ్యేది బిడ్డా?" అని అత్త కోడలిని పట్టుకుని ఏడ్చింది.

పిల్లవాడికి చదువు రాదు. వాడికి సీసానే గుర్తు. కూల్‌డ్రింక్ సీసాలో ఉన్నది కూల్‌డ్రింక్ అనే వాడు అనుకుంటాడు. అందుకని ఈ మాటలు గోడ మీద రాసుకున్నా తప్పులేదు.

కిరోసిన్, డీజిల్, థిన్నర్, యాసిడ్‌లను తాగే సీసాల్లో పోయొద్దు. వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. పిల్లలకు అందని ఎత్తులో, తాళం వేసి పెట్టాలి. పొయ్యికి దూరంగా పెట్టాలి.

యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను ఎన్నడూ కలపొద్దు. కలిపితే విష వాయువు వస్తుంది. మూసిన గదిలో మనిషి ప్రాణం పోతుంది.

పిల్లలు పొరపాటున తాగితే కక్కించొద్దు. ఉప్పు నీళ్లు పట్టొద్దు. కక్కిస్తే కిరోసిన్ లాంటివి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. యాసిడ్ గొంతును రెండోసారి కాలుస్తుంది. నోరు నీళ్లతో తుడవాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. తాగిన సీసాను ఆసుపత్రికి తీసుకుపోవాలి. అది చూస్తే డాక్టరుకు ఏ మందు ఇవ్వాలో తెలుస్తుంది.

కంట్లో పడితే నలపొద్దు. పావుగంటకు తగ్గకుండా మంచినీళ్ల ధారతో కడగాలి. తర్వాత డాక్టరు దగ్గరికి పోవాలి.

ఏరు అందరిది

గార్ల పక్క నుంచి పాకాల ఏరు పోతుంది. ఏట్లో బండి దింపి కడగడం సులువే. కానీ బండికి ఉన్న ఆయిల్, గ్రీజు, సబ్బు నీళ్లలో కలుస్తాయి. కింది వైపు పశువులు తాగుతాయి. ఆడవాళ్లు బట్టలు ఉతుకుతారు. చేపలు బతుకుతాయి. ఆ నీళ్లు మున్నేరులో కలుస్తాయి. ఖమ్మం పక్క నుంచి పోయి కృష్ణలో కలుస్తాయి. ఇక్కడ ఒలికిన నూనె ఇక్కడే ఆగదు.

బట్టల పొడుల్లో కొన్నిటిలో ఫాస్ఫేట్ ఉంటుంది. అది చెరువులో నాచుకు ఎరువు. నాచు పెరిగితే నీళ్లలో గాలి తగ్గుతుంది. చేపలు చస్తాయి. అందుకని బండిని ఇంటి దగ్గర, బావికి బోరుకు దూరంగా, బకెట్ నీళ్లతో కడగాలి.

బండి కడిగే తీరు

బండిని నీడలో పెట్టాలి. ఇంజన్ చల్లారే దాకా ఆగాలి. ఎండలో కడిగితే సబ్బు ఆరిపోయి మరకలు పడతాయి.

ముందు వట్టి నీళ్లు పోయాలి. ఇసుక, బురద జారిపోవాలి. ఇంజన్ మీద, కరెంటు తీగల మీద నీళ్లు కొట్టొద్దు.

రెండు బకెట్లు పెట్టాలి. ఒకదాంట్లో సబ్బు నీళ్లు. ఇంకోదాంట్లో మంచి నీళ్లు. మురికి గుడ్డను ముందు మంచి నీళ్లలో జాడించాలి. తర్వాతే సబ్బు నీళ్లలో ముంచాలి. అట్ల చేస్తే ఇసుక మళ్లీ బండికి అంటదు.

పాత నూలు గుడ్డ మంచిది. పాత చీర ముక్క, పాత బనియన్ పనికి వస్తాయి. కొబ్బరి పీచు, ఇనుప పీచు, బూడిద, ఇటుక పొడి వద్దు.

పై నుంచి కిందికి కడగాలి. చక్రాలు చివర. చక్రాలు తుడిచిన గుడ్డతో మళ్లీ పైన తుడవొద్దు.

సబ్బు అంతా పోయే దాకా నీళ్లు పోయాలి. పొడి గుడ్డతో తుడవాలి. బోరు నీళ్లు వాటంతట అవి ఆరితే తెల్ల చుక్కలు పడతాయి.

రోజూ సబ్బు అక్కరలేదు. మామూలు రోజుల్లో వట్టి నీళ్లు చాలు. సబ్బు వారానికి ఒకసారి చాలు. అందులోనే డబ్బు కూడా మిగులుతుంది.

మోసం జరిగితే

ఎం.ఆర్.పి. కంటే ఎక్కువ తీసుకున్నా, తూకం తగ్గినా, సరుకు వల్ల నష్టం జరిగినా ఊరుకోవద్దు. కొన్నప్పుడు రసీదు అడగాలి. డబ్బాను పారేయొద్దు. 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఇది వినియోగదారుల కోసం ప్రభుత్వం పెట్టిన నంబరు. డబ్బులు పడవు. వినియోగదారుల రక్షణకు 2019లో కొత్త చట్టం చేశారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. 5 లక్షల రూపాయల లోపు సరుకు గురించి ఫిర్యాదు చేస్తే ఫీజు ఉండదు.

గార్ల ఇల్లాలు ఏం చేసింది?

సీసా సంగతి జరిగిన మర్నాడే ఆమె ఇల్లంతా వెతికింది. పేరు లేని సీసాలన్నీ బయటికి తీసింది. మిగిలిన మందులను వాటి డబ్బాల్లోనే అటక మీద పెట్టింది. తర్వాత దుకాణానికి పోయింది.

దుకాణదారు మెరిసే సీసా ఒకటి చేతిలో పెట్టాడు. "అమ్మా, అందరూ ఇదే తీసుకుంటున్నారు" అన్నాడు.

ఆమె సీసాను తిప్పింది. వేలు పెట్టి మెల్లగా చదివింది. ధర ఉంది. తూకం లేదు. చిరునామా లేదు.

"ఇది ఎవరు చేసింది భయ్యా? ఎక్కడిది?" అని అడిగింది.

దుకాణదారు వెంటనే జవాబు చెప్పలేకపోయాడు. లోపలికి పోయి ఇంకో సీసా తెచ్చాడు. దాని మీద అన్నీ ఉన్నాయి. ఆమె చదివింది. వేళ్ల మీద లెక్క కట్టింది. కొన్నది.

వెలిసిన రంగు మళ్లీ రాలేదు. పగిలిన రెక్సిన్ అతుక్కోలేదు. కానీ ఆటో ఇంకా పాడు కాకుండా ఆగింది. కిస్తీలు ఇంకా పద్నాలుగు ఉన్నాయి. అన్ని నెలలూ ఆటో తిరగాలి. పిల్లవాడు ఇంట్లో ఆడుకోవాలి. ఈ రెండూ చిన్న డబ్బా మీది చిన్న అక్షరాల్లో ఉన్నాయని ఆమెకు ఇప్పుడు తెలుసు.

చేసి చూడండి

1. ఇంట్లో ఉన్న ఒక సబ్బు ప్యాకెట్ తీసుకోండి. దాని ధర, తూకం, తయారైన నెల పలక మీద రాయండి.

2. పసుపు కాగితం తయారు చేయండి. ఇంట్లో ఉన్న సబ్బులన్నిటినీ పరీక్షించండి. ఏది ఎర్రబడింది?

3. ఒక సీసా 250 మిల్లీలీటర్లు. ధర 75 రూపాయలు. ఒక్కసారికి 10 మిల్లీలీటర్లు చాలు. ఒక్కసారికి ఎంత ఖర్చు?

4. ఇంట్లో పేరు లేని సీసాలు ఎన్ని ఉన్నాయి? అవి ఎక్కడ ఉన్నాయి? ఈ రోజే చూడండి.